ఇరువది నిమిషముల చీకటి

2010వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీ రాత్రి న్యూయార్కు మహానగరమున మన్‌హట్టన్ దక్షిణాగ్రమున, నేలనుండి నింగికి నిట్టనిలువుగా లేచిన రెండు నీలిధవళ కాంతిస్తంభములలో, వేలకొలది వెండితునుకలు గిరగిర తిరుగుచుండెను. పెండ్లిపీటలపై దోసిళ్లనుండి జారు తలంబ్రాలవలె మెరసి, మాయమై, మరల మెరయుచుండిన యా తునుకలను క్రిందనుండి చూచువానికి మొదట కలుగునది సౌందర్యానుభూతియే. అవి ప్రాణములనియు, తమ త్రోవను కోలుపోయి వెలుగను పంజరమున చిక్కిన పక్షులనియు గ్రహించుటకు మరికొంత సేపును, మరికొంత చూపును కావలెను. ఆ రాత్రి అట్లు చిక్కినవి సుమారు పదివేలు. వానిని విడిపించుటకై ఆ దీపములను అయిదు పర్యాయములు, పర్యాయమునకు ఇరువది నిమిషముల చొప్పున, ఆర్పవలసి వచ్చినది.

ఒక మహానగరము తన దుఃఖమునకు చిహ్నముగా వెలిగించుకొన్న దీపమును తానే ఆర్పి, పక్షులు పోవువరకు చీకటిలో నిలిచి, మరల వెలిగించుకొన్న యీ వృత్తాంతము చిరకాలముగా నా మనస్సున నాటుకొనియున్నది. వెలుగుతో కళను సృజించుట నేడు లోకమంతటను వ్యాపించిన వేడుక. ఆ వేడుకను మనుష్యులేగాక యంత్రములును చూచుచున్న కాలమిది. యంత్రము చూచినదానితో మనకేమి పని, కళ రసికుని హృదయమునకు చెందినది గదా, యని తలంచువారు మనలో పెక్కురు గలరు. నేనట్లు తలంపజాలను. దీపము వెలిగించినవానికి దాని క్రిందను, దాని చుట్టును గల చీకటి కనబడదు. ఆ చీకటిలో ఏమి జరుగుచున్నదో చూచి చెప్పగల సాక్షి యొకడు కావలెను. ఆ సాక్షి నేడు యంత్రరూపమున మనకు లభించినాడు. అతడు చెప్పినది విని, అవసరమైనప్పుడు దీపమును కొంతసేపు ఆర్పుకొనుట కళ పాటింపవలసిన ధర్మమని నా దృఢవిశ్వాసము.

ఆ దీపముల పుట్టుక తెలిసినగాని వాని నార్పుటలోని గౌరవము తెలియదు. 2001 సెప్టెంబరు 11న ప్రపంచ వాణిజ్య కేంద్రపు జంటభవనములు నేలకూలి, అచ్చట 2,753 మంది ప్రాణములు కోల్పోయిన పిమ్మట, నగరపు ఆకాశరేఖలో ఏర్పడిన శూన్యమును చూచి ఓర్వజాలక, జూలియన్ లావెర్డియర్, పాల్ మయోడా అను కళాకారులును, జాన్ బెనెట్, గుస్తావో బోనెవార్ది, రిచర్డ్ నాష్ గూల్డ్ అను వాస్తుశిల్పులును, పాల్ మారంట్జ్ అను దీపవిన్యాస నిపుణుడును, ఆ శూన్యమును వెలుగుతో నింపవలెనని సంకల్పించిరి. 2002 మార్చి 11న, ఆ ఘోరము జరిగి సరిగా ఆరుమాసములైన నాటి సాయంకాలమున, ‘ట్రిబ్యూట్ ఇన్ లైట్’ అను పేర అది మొదటిసారి వెలిగినది. ఒక్కొక్కటి 7,000 వాట్ల శక్తిగల 88 జెనాన్ సెర్చిలైట్లను, చతురస్రమునకు 44 వంతున, రెండు చతురస్రములుగా పేర్చి, అన్నిటి ముఖములను నింగివైపునకు త్రిప్పగా, కూలిన భవనములే వెలుగై లేచి నిలిచినట్లుండును. ఆ కిరణములు నాలుగుమైళ్ల యెత్తువరకు పోవుననియు, ఆకాశము నిర్మలముగా నున్న రాత్రి అరువది మైళ్ల దూరమునుండియు కనబడుననియు చెప్పుదురు. 2003నుండి ఏటేట సెప్టెంబరు 11న ప్రదోషమునుండి ప్రత్యూషమువరకు ఆ దీపములు వెలుగుచున్నవి.

తెలుగువానికి ఈ భావము క్రొత్తది గాదు. కార్తికమాసమున మన దేవాలయములలో ధ్వజస్తంభమునకు ఆకాశదీపము నెత్తుట తరతరముల ఆచారము. నా బాల్యమున మా యూరి శివాలయములో, సంధ్యవేళ, అర్చకుడు చిల్లులు పొడిచిన ఇత్తడిపాత్రలో నూనెపోసి, వత్తివేసి వెలిగించి, త్రాటికి కట్టి లాగుచుండగా, గిలక కిర్రుమనుచు తిరుగుటయు, పాత్ర ఊగుచు పైకి పోవుటయు, దాని చిల్లులనుండి వెలువడిన వెలుగుచుక్కలు మా ముఖములపై ప్రాకి, గోపురముపై ప్రాకి, తుదకు చీకటిలో కలసిపోవుటయు నేటికిని కన్నులకు కట్టినట్లున్నవి. పితృదేవతలకు దారి కనబడుటకై ఆ దీపమని పెద్దలు చెప్పెడివారు. గతించినవారికై నింగికెత్తిన దీపములే గనుక, మా యూరి ధ్వజస్తంభముపై ఊగినదియు, మన్‌హట్టన్‌లో 88 సెర్చిలైట్లతో లేచినదియు భావమున తోబుట్టువులు. భేదమంతయు పరిమాణమున నున్నది. పిడికెడు పాత్రలోని వత్తి ఎవరి దారికిని అడ్డుపడదు. ఆరువందల కిలోవాట్లకు మించిన వెలుగు, తానెరుగకయే, వేయిదారులను మూయగలదు.

ఆ దారులు పక్షులవి. సెప్టెంబరు మాసము ఉత్తరామెరికాలో వలసకాలము. కెనడా అడవులలో వేసవి గడపి, పిల్లలను పెంచి, చలికి ముందే మధ్యామెరికా దక్షిణామెరికాలకు తరలు చిన్న గానపక్షులు అట్లాంటికు తీరము వెంబడి అసంఖ్యాకముగా పయనించును. వానిలో పెక్కింటి తూకము తులము బంగారమునకు మించదు. ఇవి పగటివేళ మేసి రాత్రివేళ ఎగురును. ఏలయనగా రాత్రి గాలి చల్లగాను నిలకడగాను ఉండును, డేగల భయమును తక్కువ. చుక్కలను, భూమియొక్క అయస్కాంతక్షేత్రమును ఆనవాళ్లుగా గొని చీకటిలో త్రోవ తెలిసికొను ఈ జీవులకు, చుక్కలను మింగివేయు కృత్రిమకాంతి యెదురైనప్పుడు త్రోవ చెదరును. వెలుగులో ప్రవేశించిన పక్షి, దానిని దాటి చీకటిలోనికి పోవుటకు వెరచినదానివలె, అంచువరకు పోయి, వెనుకకు మరలి, గుండ్రముగా తిరుగుచుండును. తోడివానిని కూతలతో పిలుచును. దూరప్రయాణమునకై ఒడలిలో దాచుకొన్న కొవ్వు అట్లు తిరుగుటలోనే కరగిపోవును. కొన్ని అలసి నేల వ్రాలును. కొన్ని చుట్టుపట్ల మేడల అద్దములకు కొట్టుకొని చచ్చును.

ఇంతటి సంచలనము ఒక నగరముపై జరుగుచుండ, దానిని సమగ్రముగా చూడగలిగినది మనుష్యనేత్రము గాదు. మిద్దెపై నిలిచిన పరిశీలకుడు దుర్భిణితో కిరణములలోని పక్షులను లెక్కింపవచ్చును గాని, కిరణముల వెలుపల చీకటిలో ఎన్ని వచ్చుచున్నవో, ఏ దిక్కునుండి వచ్చుచున్నవో, ఏ యెత్తున వేగము తగ్గించుచున్నవో చూడజాలడు. వెలుగులో నిలిచినవాని కన్ను వెలుగుచేతనే కట్టబడియుండును. చూచినది లాంగ్ ఐలండ్‌లోని వాతావరణ రాడారు. వానను కనిపెట్టుటకై నిర్మింపబడిన యంత్రమది. సుమారు పది సెంటీమీటర్ల నిడివిగల రేడియో తరంగములను విడిచి, చినుకులకు తాకి మరలివచ్చు ప్రతిధ్వనినిబట్టి, ఎంత దూరమున ఎంత వాన యున్నదో, అది దగ్గరకు వచ్చుచున్నదో, దూరముగా పోవుచున్నదో చెప్పును. పక్షిదేహములోను నీరే యధికము గనుక, ఆ తరంగము పక్షికి తాకినను మరలివచ్చును. రెండవ ప్రపంచయుద్ధ కాలమున, విమానము గాని మేఘము గాని లేనిచోట రాడారు తెరలపై కదలిన చుక్కలను చూచి, అవి యేమియో తెలియక, వానికి ‘దేవదూతలు’ అని పేరు పెట్టిరి. ఆ చుక్కలలో పెక్కు పక్షులేయని బ్రిటన్ దేశపు పక్షిశాస్త్రజ్ఞుడు డేవిడ్ లాక్, జార్జి వార్లీతో కలసి, 1945లో ప్రకటించెను. గతించినవారికై వెలిగించిన దీపముల చుట్టును, ఒకనాడు దేవదూతలని పిలువబడిన యా జీవులే తిరుగుచుండెనని తలంచునప్పుడు నా మనస్సు ద్రవించును.

ఏడు సంవత్సరములలో ఏడు సెప్టెంబరు రాత్రులు రాడారు చూచినదానిని బెంజమిన్ వాన్ డోరెన్, కైల్ హార్టన్, సూసన్ ఎల్బిన్, ఆండ్రూ ఫార్న్స్‌వర్త్ ప్రభృతులు పరిశీలించి, 2017లో అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ పత్రికయందు ప్రకటించిరి. ఆ ఏడు రాత్రులలో ఆ దీపముల ప్రభావమునకు లోనైన పక్షులు సుమారు 11 లక్షలని వారు గణించిరి. దీపము చెంత పక్షుల సాంద్రత చుట్టుపట్ల నున్న సాంద్రతకు 20 రెట్లవరకు పెరిగినది. నేలపైనున్న దీపముయొక్క ప్రభావము నాలుగు కిలోమీటర్ల యెత్తున పోవు పక్షులవరకు ప్రాకినది. మబ్బు, మంచు క్రమ్మిన రాత్రులలోనే పక్షులు దీపములకు చిక్కునని అంతకుముందు పెక్కురు తలంచుచుండగా, ఆకాశము నిర్మలముగా నుండి చుక్కలు కనబడు రాత్రులలోను చిక్కుచున్నవని ఆ పరిశీలన నిరూపించినది. ఏడాదికొక్క రాత్రి, ఒక్క నగరమున, ఒక్క స్మారకచిహ్నము మాత్రమే ఇంత చేసినదని యెరిగినప్పుడు, ఏడాదిపొడుగునను నగరములన్నిటను వెలుగుచున్న దీపములమాట తలంపునకు రాక తప్పదు.

కాని ఆ పరిశీలనలో నన్ను మిక్కిలి కదిలించినది ఈ అంకెలలో ఏదియు గాదు. పక్షులు మితిమీరి గుమిగూడినప్పుడు దీపములను ఇరువది నిమిషములు ఆర్పుట అచ్చటి నియమము. ఆర్పిన గడియలలో ఏమి జరిగినదో కూడ రాడారు చూచినది. వెలుగు పోయిన కొలది నిమిషములలోనే గుంపు విచ్చినది. కుంటువడిన వేగము పుంజుకొన్నది. కలతచెందిన కూతలు తగ్గినవి. ఎవరును తరుమకయే, ఎవరును దారి చూపకయే, పక్షులు తమ త్రోవను పట్టినవి. మరల వెలిగింపగా మరల గుమిగూడినవి. మనము లోకమునకు చేయు కీడులలో పెక్కు, చేసిన పిమ్మట దిద్దుకొనుటకు వీలులేనివి. నరికిన అడవి ఒక తరములో పెరుగదు, ఎండిన చెరువు ఒక వానకు నిండదు. కృత్రిమకాంతి చేయు కీడు అట్టిది గాదు. మీట నొక్కినంతనే పోవును. ఇంత సులభముగా ఉపశమింపజేయగల బాధను ఉపశమింపజేయకుండుటకు మనకేమి సాకు గలదు?

ఈ సందర్భమున యంత్రముయొక్క అల్పతను గూడ చెప్పవలెను. రాడారునకు పక్షి పేరు తెలియదు. దానికి కనబడునది ఒక ప్రతిధ్వని, ఒక వేగము మాత్రమే. ఏ జాతి పక్షులు పోవుచున్నవో తెలిసికొనుటకు మిద్దెపై మైక్రోఫోనులు పెట్టి, రాత్రి ఎగురుచు అవి చేయు కురుచ కూతలను నమోదు చేసిరి. వెలుగులో ఎన్ని చిక్కినవో లెక్కించుటకు 2024వరకు న్యూయార్కు నగర ఆడుబాన్ అను పేరుగల సంఘమువారు ఏటేట ఆ రాత్రి జాగరము చేయుచున్నారు. కిరణములలో వేయికి మించి పక్షులు కనబడినప్పుడు గాని, అవి మరీ క్రిందికి దిగి తిరుగుచున్నప్పుడు గాని, ఆ మాట దీపముల నిర్వాహకులకు చేరును. వారు దీపము లార్పుదురు. రాడారు దూరమును చూచినది, మైక్రోఫోను చీకటిని విన్నది, మనుష్యుని కన్ను దగ్గరను చూచినది, మనుష్యుని హృదయము నిర్ణయించినది. ఈ నాలుగింటిలో ఏ యొక్కటి లోపించినను ఆ ఇరువది నిమిషముల చీకటి మనకు పూర్తిగా అర్థమై యుండెడిది గాదు.

ఆ చీకటిని గూర్చి మొదటిసారి చదివినప్పుడు నాకు మా నాయనమ్మ జ్ఞప్తికి వచ్చినది. తొలకరివానలు పడిన సాయంకాలములలో పుట్టలనుండి ఉసిళ్లు లేచి దీపములపై ముసరునని పల్లెలలో పుట్టినవారికి తెలియును. మేము వసారాలో అన్నములకు కూర్చుండగా, విస్తళ్లలోను, మంచినీళ్ల చెంబులోను, లాంతరు గాజుచుట్టును అవి రాలిపడుచుండెడివి. పిల్లలము విసనకఱ్ఱలతో కొట్టబోగా మా నాయనమ్మ వారించి, “ఉండండిరా, వాటిని చంపడమెందుకు, కాసేపు దీపం తీసేద్దాం” అని లాంతరు వత్తి దించి ఆర్పివేసెడిది. మేము చీకటిలో మాటలాడుకొనుచు కూర్చుండెడివారము. చూరునుండి వాననీరు కారు చప్పుడు వినబడెడిది. ఒక ఘడియకు ఉసిళ్లు తమంత తామే పోయెడివి. లాంతరు మరల వెలిగెడిది. చల్లారిన యన్నమే అయినను, ఆ భోజనము నాకు నేటికిని రుచిగానే గుర్తున్నది. అక్షరము రాని యా వృద్ధురాలు చేసినదానికిని, రాడారులు, శాస్త్రపత్రికలు తోడైన మహానగరము చేసినదానికిని ధర్మము ఒక్కటే: నా వెలుగు మరియొక ప్రాణికి బాధయైనప్పుడు నా వెలుగును కొంతసేపు ఆపుకొందును.

ఇందుకు ఆక్షేపణ చెప్పువారు లేకపోలేదు. స్మారకదీపమును నడుమ నార్పుట మృతులకు అగౌరవము గాదా యని కొందరును, కళాకారుని సంకల్పమును పక్షుల లెక్కకు లోబరచుట కళాస్వాతంత్ర్యమునకు భంగము గాదా యని కొందరును అడుగవచ్చును. మొదటిదానికి నా సమాధానమిది: పోయిన ప్రాణములను తలంచుకొనుటకు వెలిగించిన దీపము ఉన్న ప్రాణములను తీసికొనుచున్నప్పుడు, దానిని ఆర్పుటయే ఆ తలంపునకు తగిన పూజ. రెండవదానికి: శిల్పి రాతి స్వభావమును తెలిసికొనియే ఉలి పట్టును, రాతిలో పగులు కనబడినచోట చేయి తేలికచేయును, అది అతని స్వాతంత్ర్యమునకు భంగమని ఎవరును అనరు. ఆకాశము వెలుగుశిల్పికి రాయివంటిది. ఆ రాతిలో రాత్రివేళ ప్రాణములు ప్రవహించుచున్నవని ఒకప్పుడు తెలియదు. యంత్రము చూచినది గనుక నేడు తెలియును. తెలిసినపిమ్మట తెలియనట్లు చెక్కుట శిల్పమున దోషమగును.

యంత్రనేత్రము మన వేడుకలను చూచి చెప్పిన మాట మరియొకటి గలదు. అది మన యింటిముంగిటిదే. దీపావళి వచ్చినదనగా మన ఫోన్లలో తిరుగు చిత్రమొకటి చూడనివారు అరుదు: దీపావళిరాత్రి అంతరిక్షమునుండి తీసిన భారతదేశమట, రంగురంగుల వెలుగులతో ధగధగలాడుచుండును. నిజమునకు అది ఒక్క రాత్రి చిత్రమే గాదు. అమెరికా వాతావరణ ఉపగ్రహములు పెక్కు సంవత్సరములు సేకరించిన దత్తాంశమును కలిపి, మన నగరములు ఎట్లు పెరిగినవో చూపుటకై క్రిస్ ఎల్విడ్జ్ అను శాస్త్రజ్ఞుడు 2003లో కూర్చిన పటమది. 1992కు ముందే యున్న వెలుగులు తెలుపు, 1992లో క్రొత్తగా కనబడినవి నీలము, 1998లోనివి ఆకుపచ్చ, 2003లోనివి ఎరుపు. నాసావారు 2012 దీపావళి దినములలోని నిజమైన ఉపగ్రహచిత్రమును ప్రకటించి, దీపావళివలన హెచ్చిన వెలుగు అంతరిక్షమునుండి కంటికి తెలియనంత స్వల్పమని చెప్పిరి. ఇది విని నొచ్చుకొనువారుండవచ్చును. నేను మాత్రము సంతసించితిని. మన అరుగులపై ప్రమిదలు వరుసగా వెలుగుచుండగా పైన పోవు ప్రాణికి అడ్డు కలుగలేదన్నమాట. ఇంటికి కావలసినంత వెలుగు, మింటికి భారము గాని వెలుగు: మన పూర్వులు ఎన్నుకొన్న కొలత అది.

ఉపగ్రహమును హద్దులు లేని సాక్షి యనుకొనరాదు. 2011 అక్టోబరులో కక్ష్యకు చేరిన సువోమి ఎన్‌పీపీ ఉపగ్రహము మన తలలపైకి వచ్చునది రాత్రి ఒంటిగంటన్నర ప్రాంతమున. అప్పటికి ప్రమిదలలో నూనె యింకి పోయియుండును. అది చూచు చిత్రములో ఒక్కొక్క చుక్క సుమారు ముప్పాతిక కిలోమీటరు. అనగా ఒక చిన్న పల్లెయంతయు ఒక్క చుక్కలో అణగిపోవును. తెల్లని ఎల్ఇడి దీపములలోని నీలికాంతి దానికి కనబడదు. పక్షులను, పురుగులను మిక్కిలి కలతపెట్టు వెలుగులలో ఆ నీలికాంతి యొకటి. ఐనను అదే ఉపగ్రహము సహాయమున మిగెల్ రోమాన్ ప్రభృతులు పండుగల వెలుగులను పరిశీలించి, అమెరికా నగరములలో క్రిస్మసు దినములలో రాత్రులు 20 మొదలు 50 శాతమువరకు ఎక్కువ వెలుగునని 2014లో తెలిపిరి. కైరో నగరమున రంజాను మాసమంతయు కొన్ని పేటలు కాంతులీనుచుండ, మిక్కిలి పేదలును, మిక్కిలి నిష్ఠాపరులును నివసించు పేటలు మాత్రము ఎప్పటివలెనే యుండి, మాసాంతమున ఈదు పండుగనాడు నగరమంతయు ఒక్కపెట్టున వెలిగినదట. ఆ మాసపు చీకటి పేదరికమా, భక్తియా? ఉపగ్రహము చెప్పజాలదు. వెలుగు ఎంతయో అది చెప్పును. ఎందుకో మనము చెప్పుకొనవలెను.

ఇందువలననే యంత్రపరిశీలనను సాక్షిస్థానమున నిలుపుదము గాని న్యాయాధిపతి పీఠమున కూర్చుండబెట్టవలదు. అది దేనిని చూడవలెనో కూడ మనమే నిర్ణయింపవలెను. ఉత్సవములలో గుమిగూడిన జనుల ముఖములను గుర్తుపట్టి, పేర్లు వ్రాసికొను యంత్రనేత్రములు కూడ నేడు పెరుగుచున్నవి. దీపములను చూచుటకు వచ్చినవాడు తాను చూడబడుటకు వచ్చినవాడు గాడు. రాడారులోని సుగుణమేమన, అది పేరడుగదు; కోటిప్రాణుల రాకపోకలు చూచియు ఏ యొక్కదానిని వేరుచేసి వెంటాడదు. వేడుకలలో మనము కోరవలసిన యంత్రపు చూపు అట్టిది.

ఇప్పుడు మన గడ్డకు వత్తును. వెలుగుల వేడుక మనకును పెద్దదగుచున్నది. 2024 అక్టోబరులో విజయవాడ పున్నమిఘాటు చెంత, కృష్ణానదిపై, 5,500 డ్రోన్లు లేచి ఆకాశమున రూపములు దిద్దగా వేలాది జనులు పరవశించి చూచిరి. ఆ ఆనందమును నేను తక్కువ చేయను. చీకటిలో వెలుగు రూపము దాల్చుట చూచి పులకరింపనివాడెవడు? తిరునాళ్లలో, ఊరేగింపులలో, తుదకు పెండ్లిండ్లలో సైతము లేజరు కిరణములును, మింటిని తడవు సెర్చిలైట్లును సామాన్యములైనవి. కాని ఋతువును గమనింపుడు. దసరా, దీపావళి, కార్తికము, సంక్రాంతి: మన వెలుగుల పండుగలన్నియు అక్టోబరునుండి జనవరివరకు వచ్చును. కొల్లేటికి, పులికాటునకు ఉత్తరదేశములనుండి వలసపక్షులు దిగివచ్చు కాలమును సరిగా అదియే. పులికాటు తీరమున సూళ్లూరుపేటలో ఫ్లెమింగోల పేర పండుగచేసి పక్షులను గౌరవించు జాతి మనది. అతిథి దిగివచ్చు రాత్రి అతిథి కన్నులలో దీపము కొట్టుట మన మర్యాద గాదు.

న్యూయార్కులో చేసినది ఇచ్చట చేయుటకు కావలసిన పరికరము మనకు లేకపోలేదు. వానలను, తుపానులను కనిపెట్టుటకై మచిలీపట్నమునను, విశాఖపట్నమునను, హైదరాబాదునను డాప్లర్ రాడారులున్నవి. పులికాటు ప్రక్కనే శ్రీహరికోటలో మరియొకటి గలదు. వాతావరణ శాస్త్రజ్ఞునికి కావలసినది వాన గనుక, పక్షుల ప్రతిధ్వని అతనికి ఏరిపారవేయవలసిన తప్పగింజ. పక్షిశాస్త్రజ్ఞునికి ఆ తప్పయే పంట. అమెరికాలో రాడారుల దత్తాంశమును ఏండ్లతరబడి భద్రపరచి, అడిగినవారికెల్లరకు ఉచితముగా ఇచ్చుచుండుటవలననే, ఎన్నడో గడచిన సెప్టెంబరు రాత్రులలో ఏమి జరిగినదో విద్యార్థులు సైతము వెదకి తీయగలిగిరి. మన రాడారులు చూచినదియు అట్లే దాచవలెను, మన విశ్వవిద్యాలయములకు తెరవవలెను. మింటికి వెలుగు నెత్తు ప్రతి పెద్ద వేడుకకును, అనుమతిపత్రములో అగ్నిమాపకయంత్రమునకు చోటున్నట్లే, పక్షులను కనిపెట్టు పరిశీలకునికిని, దీపము లార్పు నియమమునకును చోటుండవలెను. వలస ముమ్మరముగా నున్న రాత్రి ముందే తెలిసినచో, వేడుకను ఒక దినము వాయిదా వేసికొనుటయో, తెల్లవార్లు వెలుగవలసిన కిరణములను రెండు గంటలకు కుదించుటయో పెద్దపని గాదు. దీనికి క్రొత్త చట్టము కొరకు వేచియుండ నక్కరలేదు. వేడుక చేయువారి మనస్సు చాలును.

ఒక రాత్రిని నేను తరచుగా ఊహించుకొందును. కార్తికమాసము, కృష్ణ యొడ్డున జనము క్రిక్కిరిసియున్నది, నీటిపై వెలుగులు రూపములు దాల్చుచున్నవి. మచిలీపట్నమున రాడారు తెరముందు కూర్చున్న విద్యార్థిని యొకతె, ఈశాన్యమునుండి సాగివచ్చుచున్న మరకను చూచి, అది వాన గాదని గుర్తించి, ఘట్టమునకు ఒక మాట పంపును. ఘట్టముపై నున్న పరిశీలకుడు దుర్భిణి యెత్తి చూచి తలయూపును. ఒకచేయి మీట నొక్కును. వెలుగులన్నియు ఒక్కమారు పోవును. తండ్రి భుజముపై నున్న పసిబిడ్డ “ఏమయింది నాన్నా?” అని యడుగును, తండ్రి, “పిట్టలు పోతున్నాయమ్మా, పోనిద్దాం” అని చెప్పును. అన్నివేలమందియు మాటలుడిగి ఆ చీకటిలో తలలెత్తి నిలువగా, నది చప్పుడుపైన, ఎంతో యెత్తున, సన్నని కూతలు వినబడును. ఇరువది నిమిషములు గడచును. ఆ పిమ్మట దీపములు మరల వెలుగును.